కోడిపెట్ట స్టీరింగ్ ఎవరిది

ఫిబ్రవరి 3

తమ్ముడికి,

ఫోన్ చేస్తే నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను. ఆ తర్వాత మరదలు ఫోన్ చేసి ఇద్దరి తరఫునా తనే సర్దిచెబుతుంది. ఆ పిల్లకి మళ్ళీ ఆ పని పెట్టడం ఇష్టంలేక కాగితం తీశాను. కాగితమైతే మధ్యలో అడ్డుపడి మాట్లాడలేవు. మొత్తం చదువు, చదివాక అరుచుకో.

రేసు క్లబ్బు వాళ్ళ పత్రిక నాకు ఈ ఊళ్ళో కూడా వస్తుంది. మధ్య పేజీలో మన కారు, కోడిపెట్ట, ఫొటో వేశారు. ముందు గుర్తుపట్టలేదు. మనం వేసిన బూడిదరంగు ఏమైంది? ఎవరో చిలకని నలిపి పూసినట్టు ఆకుపచ్చగా ఉంది. డ్రైవరు సీట్లో తాడిచెట్టంత మనిషి కూర్చుని ముప్ఫై రెండు పళ్ళూ కనపడేలా నవ్వుతున్నాడు. పక్కన నువ్వు ఆయన హెల్మెట్ పట్టుకుని నిలబడ్డావు, గుడ్లబుట్ట పట్టుకున్నంత భద్రంగా.

అది నీ ఒక్కడి కారా? మరిచిపోతే గుర్తు చేస్తాను. కోళ్ళషెడ్డులో రెట్టల కింద కూరుకుపోయిన ఆ తుక్కుని బయటికి లాగింది ఇద్దరం. నీ సీట్లో కోడి పొదుగుతోంది, నా సీట్లో అసలు సీటే లేదు. తుప్పు పట్టిన ఛాసిస్‌ని ముక్కముక్కగా కోసి మళ్ళీ అతికింది నేను. నువ్వు ఇంజిన్, గేర్‌బాక్స్ చూశావు. అది రేసుల్లోకి దిగేసరికి మనకి పెళ్ళిళ్ళు అయ్యాయి, జుట్టు నెరిసింది. అలాంటిదాన్ని నాకు ఒక్క మాట చెప్పకుండా ఎవరి చేతిలోనో పెట్టావు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

ఇంకో సంగతి. ఆ ఫొటోని భూతద్దం పెట్టి చూశాను. పొద్దస్తమానం ఓడల అతుకుల్లో పగుళ్ళు వెతకడమే కదా నా ఉద్యోగం, కన్ను ఊరుకోదు. సీటు వెనక రోల్ బార్‌లో ఏటవాలు పైపు కనపడలేదు. కారు బోర్లాపడితే మనిషి తల నేలకి తగలకుండా కాసేది ఆ బార్ ఒక్కటే. ఆ ఏటవాలు పైపు లేకపోతే పక్కదెబ్బకి అది గొడుగు కమ్మీలా ముడుచుకుంటుంది. పైగా ఆ పెద్దమనిషి తల బార్ కన్నా పైకి ఉంది. బోర్లాపడితే నేలని ముందు పలకరించేది ఆయన బుర్రే.

పైపు కోశావా? ఎందుకు కోశావు? ఆయన భుజాలు పట్టలేదనా?

మా గది కింద లాండ్రీ ఉందని చెప్పాను కదా, నేలలోంచి ఆవిరి వస్తోంది, కాగితం మెత్తబడిపోతోంది. మీ బావ పక్కన కూర్చుని "చింపెయ్, రేపు చల్లబడ్డాక రాయి" అంటున్నాడు. చల్లబడితే నేను రాయను.

నీ అక్క

---

ఫిబ్రవరి 14

అక్కకి,

ఉత్తరం అందింది. బావ చెప్పినట్టు చింపేసి ఉంటే ఇద్దరికీ మంచిది.

ఉద్యోగం వచ్చింది, పెట్టె సర్దుకుని వెళ్ళావు. తప్పు కాదు, వెళ్ళాలి. కానీ ఒకచోట కూర్చోబెట్టి వెళ్ళిపోతే గుడ్లు పెడుతూ ఉండడానికి కారు కోడి కాదు. వారానికోసారి స్టార్ట్ చెయ్యాలి. ఆ రెండు కార్బురేటర్లు అత్తాకోడళ్ళలాంటివి, ఒకదాన్ని సరిచేస్తే రెండోది అలుగుతుంది. చక్రాల కమ్మీలు ఒక్కొక్కటీ వేలితో మీటి చూడాలి, బ్రేక్ ఆయిల్ మార్చాలి. ఇదంతా ఎవరు చేస్తున్నారు? రోజంతా ఊళ్ళో లిఫ్టులు బాగుచేసి, ఇంటికొచ్చి నేనే చేస్తున్నాను. నువ్వు భూతద్దం పెట్టి ఫొటో చూస్తున్నావు.

ఆ తాడిచెట్టు పళ్ళ డాక్టరు. మంచివాడు. పాత కార్లంటే ప్రాణం. టైర్లు ఆయన కొన్నాడు, రంగు ఆయన మోజుపడి వేయించాడు. సంవత్సరంలో ఉన్న నాలుగు రేసులూ ఆయన నడుపుతాడు, కారు కదులుతూ ఉంటుంది. కదలని కారు మళ్ళీ కోళ్ళషెడ్డుకే పోతుంది.

పైపు కోశాను, నిజమే. కోసి పారెయ్యలేదు. కిందికి దించి బోల్టులతో బిగించాను, ఆయన వీపుకి అడ్డం రాకుండా. ఫొటోలో సీటు చాటున పడింది. నువ్వు తప్ప మిగతా ప్రపంచమంతా గాడిదలని నీ నమ్మకం. నువ్వు పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఇక "నాకు చెప్పకుండా" అన్నావు. చెబితే ఏం చేసేదానివి? వచ్చి నువ్వు నడిపేదానివా? నీకు స్టీరింగ్ అంటే భయమని నాకు తెలుసు, క్లబ్బులో అందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట ప్రాక్టీసులో ఒక్కసారి ఎక్కావు, నాలుగు రౌండ్లు తిరగకుండానే లోపలికి వచ్చేశావు. గ్లౌజులు తీస్తుంటే నీ చేతులు వణకడం నేను కళ్ళారా చూశాను. "నాకొద్దు" అన్నావు. ఎవరైనా అడిగితే "అక్కకి భయం, పాపం, ఇబ్బంది పెట్టకండి" అని నీ పరువు కాపాడుతూ వచ్చాను. దానికి ఇదీ ఫలితం.

నీ మరదలు నిన్ను అడిగానని రాయమంది. రాశాను.

తమ్ముడు

---

ఫిబ్రవరి 20

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి లేచి నిలబడ్డాను. ఇది నిలబడే రాస్తున్నాను, కిటికీ గట్టు మీద కాగితం పెట్టి.

భయమా?

రెండేళ్ళుగా క్లబ్బులో నా గురించి "పాపం, భయం" అని చెబుతున్నావా? అందుకేనా రేసుకి ముందు కార్లు పరీక్షించే ఆ తనిఖీ పెద్దాయన నేను కనపడినప్పుడల్లా "కాస్త టీ తాగమ్మా, నీడలో కూర్చో" అనేవాడు? నాకు చాదస్తంగా అనిపించేది. ఇప్పుడు అర్థమైంది, ఊరంతా నన్ను రోగిష్టిదాన్ని చేసి కూర్చోబెట్టావు.

ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను, విను. నీకు జ్వరం, లేవలేకపోయావు, అందుకని సీటు ఖాళీ అయింది. నువ్వు పిలిచి ఇవ్వలేదు, ఖాళీ అయితే ఎక్కాను. మొదటి రౌండు నా జీవితంలో అంత సంతోషం ఎరగను. నేను అతికిన ఛాసిస్ నా నడుం కింద బతికి ఉన్నదానిలా కదిలింది. రెండో రౌండులో పల్లంలోకి దిగే మలుపు దగ్గర మూడో గేరు నా అరచేతిని తన్ని ఎగిరి బయటికి వచ్చేసింది. కారు గాలికి వదిలేసినట్టు జారింది. సర్దుకున్నాను. మళ్ళీ అదే మలుపు, మళ్ళీ అదే తన్ను. గేరుని ఒక చేత్తో అదిమిపట్టి, ఒక్క చేత్తో స్టీరింగ్ తిప్పాను.

ఇంతలో నువ్వు. జ్వరమని దుప్పటి కప్పుకున్నవాడివి లేచివచ్చి, ట్రాక్ పక్కన ఉండే పిట్ గోడ మీద నుంచి వంగి, రెండు చేతులూ ఆడిస్తూ "మెల్లగా, మెల్లగా" అని. నేను దాటిన ప్రతిసారీ అదే. పక్కవాళ్ళు నన్ను చూడడం మానేసి నిన్ను చూసి నవ్వుతున్నారు. నువ్వు నడిపినన్నాళ్ళూ నేను గోడ దగ్గర నోరు విప్పానా?

లోపలికి వచ్చి "మూడో గేరు ఎగురుతోంది" అన్నాను. నువ్వేమన్నావు? "వెయ్యడం రాకపోతే ఎగురుతుంది" అన్నావు. చుట్టూ ఉన్నవాళ్ళు మళ్ళీ నవ్వారు. అప్పుడు వణికాయిరా నా చేతులు. అది భయం కాదు, కోపం. ఆ గ్లౌజు నీ మొహాన కొట్టకుండా ఆపుకోవడానికి వణికాయి. "నాకొద్దు" అన్నది నీ పెత్తనం కింద నడపడం నాకొద్దని. ఆ మిగతా సగం నేను అనలేదు. తోడబుట్టినవాడివి, అనకపోయినా తెలుస్తుందనుకున్నాను.

ఆ తర్వాత ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి "అక్కా, మళ్ళీ ఎక్కుతావా" అని అడుగుతావేమోనని ఎదురుచూశాను. అడగలేదు. వెళ్ళి పళ్ళ డాక్టర్ని అడిగావు.

ఇక ఆ పైపు. బోల్టులతో బిగించానని గొప్పగా రాశావు. బోల్టు వెయ్యాలంటే బార్‌కి బెజ్జం పెట్టాలి. నేను అతికిన బార్‌కి బెజ్జాలు పెట్టావన్నమాట. దెబ్బ తగిలితే చిరుగు మొదలయ్యేది ఆ బెజ్జం దగ్గరే. మార్చి నెల రేసుకి ముందు దాన్ని తీసి సరిచెయ్. లేకపోతే తనిఖీ పెద్దాయనకి నేనే రాస్తాను, టీ తాగుతూ రాస్తాను.

అక్క

---

మార్చి 18

అక్కకి,

అన్నంత పనీ చేశావు. నీ కళ్ళు చల్లబడ్డాయా?

నిన్న రేసు. పొద్దున తనిఖీకి కార్లన్నీ వరసగా పెట్టారు. పెద్దాయన మిగతా కార్ల దగ్గర బ్రేకు తొక్కించి, దీపం వేయించి ముందుకు పంపేశాడు. కోడిపెట్ట దగ్గరికి రాగానే నేరుగా సీటు వెనక్కి వెళ్ళాడు. ఎవరూ చెప్పకపోతే అలా ఎందుకు వెళతాడు? వంగి, టార్చి వేసి, ఆ బోల్టు పైపు పట్టుకుని ఊపాడు. "ఇదెవరు చేశారు" అన్నాడు. "నేనే" అన్నాను. "మీ అక్క చేసినదాన్ని ఎందుకు కెలికారు" అన్నాడు. అందరి ముందూ. పళ్ళ డాక్టర్ని సీట్లో కూర్చోబెట్టి బార్ మీద ఒక కర్ర అడ్డం పెట్టాడు. కర్ర ఆయన చెవి దగ్గర ఆగింది. ఎర్ర చీటీ అంటించాడు. రేసు లేదు, వెళ్ళిపొమ్మన్నాడు.

డాక్టరు అరవలేదు. అరిచినా బాగుండేది. మూడు నెలలు దీనికోసం ఆదివారాలు పాడుచేసుకున్నానని మెల్లగా చెప్పి, జాక్ తీసి, ఆయన కొన్న టైర్లు ఆయన విప్పుకుని తన బండిలో పెట్టుకున్నాడు. వేరే కారు కొనుక్కుంటాడట. కోడిపెట్టని దిమ్మెల మీద నిలబెట్టి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను, పక్క షెడ్డువాళ్ళు జాలిపడి పాత టైర్లు అరువిచ్చేదాకా. వాళ్ళ జాలి ముందు నీ కోపం నయం.

నువ్వు ఎప్పుడూ అంతే. నీకు దక్కనిది ఎవరికీ దక్కకూడదు. గేరు ఎగిరిందట, చేతులు కోపంతో వణికాయట. రెండేళ్ళ తర్వాత తీరిగ్గా కూర్చుని కథ అల్లావు.

అసలు నాకు ఒకటి చెప్పు. నేను ఎందుకు నడపడం లేదో ఒక్కసారైనా అడిగావా? ఫొటోలో పైపు లేకపోవడం కనపడింది నీకు. సీట్లో తమ్ముడు లేకపోవడం కనపడలేదా? టైర్లకి ఆశపడి సీటు ఇచ్చేశాననుకున్నావు కదూ?

నా ఎడమ కన్ను పోయింది. మొత్తం కాదు. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, ఎడమ పక్క నుంచి వచ్చేది కనపడదు. కంట్లో ఒత్తిడట. పోయిన చూపు తిరిగి రాదట, ఉన్నది ఉండాలంటే బతికినన్నాళ్ళూ చుక్కలు వేసుకోవాలట. కిందటేడు ఆఖరి రేసులో నీలం కారుని రాసుకుంటూ వెళ్ళానని విన్నావు కదా, బ్రేకు పట్టేసిందని అందరికీ చెప్పాను. బ్రేకు కాదు. ఆ కారు నా పక్కనే ఉంది, నా కంటికి లేదు. ఆ కుర్రాడు గోడకి చేతెడు దూరంలో ఆగాడు. ఆ మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు పనికి కూడా బస్సులో వెళుతున్నాను.

నీకెందుకు చెప్పలేదంటావా? చెబితే నువ్వు ఉద్యోగం వదిలేసి వస్తావు. లేదా నెలనెలా నన్ను చూసి కళ్ళు తుడుచుకుంటావు. రెండూ నాకు అక్కర్లేదు.

ఇక ఉత్తరాలు కూడా వద్దు.

తమ్ముడు

---

మార్చి 25

తమ్ముడూ,

ముందు తిడతాను, తర్వాత ఏడుస్తాను. వరస మార్చొద్దని మీ బావ చెప్పాడు, అదీ నిజమే, ఏడుపు మొదలెడితే తిట్టు మిగలదు.

తనిఖీ ఆయనకి నేను రాయలేదు. రాయాలని కూర్చున్నాను, సగం రాసి చింపేశాను. నీ పరువు గుర్తొచ్చి కాదు, నేను రాస్తే "భయస్తురాలు కుళ్ళుకుంటోంది" అంటారని. ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఎవరో గానీ వాళ్ళకి దండం పెడతాను, ఆ డాక్టరుగారి పెళ్ళాం పిల్లల తరఫున.

కన్ను. ఇంత సంగతి కడుపులో పెట్టుకుని, నాతో కార్బురేటర్ల గురించి జోకులు రాశావు. నేను చూపు ఉన్నదాన్ని, నువ్వన్నట్టే ఫొటోలో పైపు చూశాను, నిన్ను చూడలేదు. ఆ మాట నిజం కాబట్టే ఒళ్ళు మండింది. కానీ నువ్వు చెప్పకుండా నేను చూడాలని ఎలా అనుకున్నావు? ఆ నీలం కారు కుర్రాడు గోడకి తగిలి ఉంటే? తర్వాతి మలుపులో నువ్వే తగిలి ఉంటే? "బ్రేకు పట్టేసింది" అని నాతో ఫోన్‌లో చెప్పావు, నేను పిచ్చిదానిలా బ్రేకు గురించి గంటసేపు ఆలోచించి సలహాలు ఇచ్చాను. నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ విన్నావు. అందుకు నిన్ను ఎన్నటికీ క్షమించను. చుక్కలు వేళకి వేసుకుంటున్నావా? మరదల్ని అడుగుతాను, నీ మాట నమ్మను.

ఇప్పుడు అసలు సంగతి. మే నెల రేసుకి నేను వస్తున్నాను. పైపు నేను అతుకుతాను, కారు నేను నడుపుతాను. అడగడం లేదు, చెబుతున్నాను. నా రేసు పర్మిట్ బతికే ఉంది. నువ్వు పిలుస్తావని ఏటేటా పునరుద్ధరించుకుంటూనే ఉన్నాను, మీ బావకి కూడా తెలియకుండా. మొన్న తెలిసింది, "నాకేమో నీకు భయమని చెప్పాడు మీ తమ్ముడు" అన్నాడు. మా ఇంట్లో కూడా చెప్పావా ఆ మాట?

మూడో గేరు చూడు. కథ అల్లానో లేదో గేర్‌బాక్స్ విప్పితే తెలుస్తుంది.

అక్క

---

ఏప్రిల్ 9

అక్కకి,

పెద్దాయనకి చెప్పింది నీ మరదలు.

నీ ఉత్తరం వచ్చాక భోజనాల దగ్గర "అక్క కాదంటోంది, మరి ఎవరు" అని నాలో నేను అనుకున్నట్టు అన్నాను. తను గిన్నె కింద పెట్టి, "నేనే చెప్పాను. వదిన ఉత్తరం బల్ల మీద ఉంటే చదివాను. ఆ డాక్టరు తలకి ఏమన్నా అయితే జీవితమంతా మోసేది మీరు, మీతో పాటు నేను" అంది. ఇన్నాళ్ళూ నేను నిన్ను తిడుతుంటే వింటూ కూర్చుంది. ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీ ఇంట్లో ఎవరు ఏది చెప్పారు గనక" అంది. కంచం ఎత్తేసి షెడ్డుకి వెళ్ళాను.

గేర్‌బాక్స్ విప్పాను. లోపల మూడో గేరుని పట్టి ఉంచే ఫోర్కు ఒక పక్క అరిగి చాకులా ఉంది. నేను నడిపేటప్పుడు నా మోకాలు గేరు కర్రకి ఆనుకుని ఉండేది, అందుకే నాకు ఎగరలేదు. నీ కాలు పొట్టి. కొత్తది చేయించి వేశాను. ఇంతకన్నా నా నోట ఏమీ రాబట్టలేవు.

నువ్వు నడుపు. నేను సంతోషించాలట, నీ మరదలు అంటోంది. సంతోషం రావడం లేదు. అబద్ధం ఎందుకు? నా చేత్తో కూర్చిన ఇంజిన్ ఇంకొకరి కాలికింద మోగుతుంటే వినాలి. ఆ డాక్టరు ఆదివారాలు ప్రాక్టీసులో నడిపినప్పుడు అంత బాధ లేదు, బయటివాడు, ఇవాళ ఉంటాడు రేపు పోతాడు. నువ్వు ఎక్కితే మరి దిగవు. నేను ఇక ఎక్కననే సంగతి అప్పుడు ఖాయమవుతుంది. అందుకే నిన్ను అడగలేదేమో. తెలియదు. ఎవరి మీద కోపమో తేల్చుకోలేక గోడ మీద పానా విసిరాను, పెచ్చు ఊడింది. నువ్వు వచ్చాక చూసి అడుగుతావు కాబట్టి ముందే చెబుతున్నాను.

వెల్డింగ్ కడ్డీలు తెచ్చుకో, ఇక్కడివి నీకు నచ్చవు. గోడ దగ్గర నోరు విప్పను.

తమ్ముడు

---

మే 12

తమ్ముడికి,

మూడు రోజులు ఒకే షెడ్డులో ఉన్నాం. "అది ఇటివ్వు" "ఇది పట్టుకో" అన్న మాటలు తప్ప మనం ఏమీ మాట్లాడుకోలేదు. అయినా నాకు బాగుంది. నేను అతుకుతుంటే నువ్వు పైపు కదలకుండా పట్టుకున్నావు, నిప్పురవ్వ చేతి మీద పడినా వదల్లేదు. ఇక అంతా సర్దుకుందనుకున్నాను. నా చెప్పుతో నన్ను నేనే కొట్టుకోవాలి.

ఎక్కడికి పోయావు?

జెండా ఊపేటప్పుడు గోడ దగ్గర ఉన్నావు. రెండో రౌండుకి లేవు. మూడో రౌండుకి లేవు. చివరిదాకా లేవు. నోరు విప్పనన్నావు గానీ మనిషివే ఉండనని చెప్పలేదు. రేసు అయ్యాక లోపలికి వచ్చాను. చివరి నుంచి మూడోదాన్ని, అయినా పూర్తిచేశాను, నీ గేరు ఒక్కసారి కూడా ఎగరలేదు. హెల్మెట్ తీసి ముందు నీకోసం చూశాను. ఆ తనిఖీ పెద్దాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు, టీ ఊసెత్తలేదు. ఎవరెవరో చప్పట్లు కొట్టారు. మరదలు స్టాండులోంచి పరుగెత్తుకొచ్చింది. నువ్వెక్కడని అడిగితే "ఇక్కడే ఉండాలే" అంటూ తనూ వెతికింది. ఫోన్ చేస్తే నా పనిముట్ల పెట్టె మీదే మోగింది.

రైలు వేళ అయ్యేదాకా నిలబడ్డాను. తర్వాతి రేసు కూడా మొదలైంది. ఓవరాల్ విప్పకుండానే స్టేషనుకి వెళ్ళిపోయాను, రైల్లో అందరూ నన్ను చూస్తున్నారు, నా దగ్గర పెట్రోల్ కంపు.

నువ్వు చూడలేకపోయావు. ఒప్పుకుంటాను, నీ బాధ నాకు తెలియనిది కాదు, రాశావు కూడా. కానీ ఒక్క పావుగంట ఓర్చుకోలేకపోయావా? నేను ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నువ్వు నడిపిన ప్రతి రేసూ గోడ దగ్గర నిలబడి చూశాను. ప్రతిదీ. నాకు ఉన్నది ఒక్క రేసు, దానికి నువ్వు వీపు తిప్పావు. మరదలు రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. నువ్వు చేసినా ఎత్తను.

కారు నీ దగ్గరే ఉంచుకో. నా రోల్ బార్‌కి మాత్రం మళ్ళీ బెజ్జం పెట్టకు.

అక్క

---

మే 18

అక్కకి,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. నీ మరదల్ని కూడా చెప్పొద్దన్నాను. ఇది నేనే రాయాలి.

నువ్వు మొదటి రౌండు పూర్తిచేసి గోడ ముందు నుంచి వెళ్ళావు. నేను నోరు విప్పలేదు, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను. ఇంజిన్ శబ్దం ఒక్కటే వింటూ నిలబడ్డాను. అంతలో జనం అరిచారు. పల్లంలోకి దిగే మలుపు నాకు ఎడమ వైపు. నేను తల తిప్పేసరికి దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. నా వెనక ఎవరో "ఆకుపచ్చది, ఆకుపచ్చది పోయింది" అన్నారు.

ఆ తర్వాత ఏం చేశానో సరిగ్గా గుర్తులేదు. పక్కవాళ్ళ గోడ దగ్గర మంటలార్పే సిలిండర్ ఉంటే అది లాక్కుని పరుగెత్తాను. మలుపులో పసుపు జెండాలు ఊపారు, కార్లు నెమ్మదించాయి, ఆ సందులో ట్రాక్‌కి అడ్డంపడి దాటేశాను. నీ పేరు పెట్టి కాదు గానీ "అక్కా, అక్కా" అని అరుస్తూ వెళ్ళానట. జెండా ఊపే ఆవిడ తర్వాత చెప్పింది. ఇసుకలో కారు ఆగి ఉంది. తలుపు తెరుచుకుంది. లోపలినుంచి కాళ్ళు వచ్చాయి, వస్తూనే ఉన్నాయి. పళ్ళ డాక్టరు. ఆయన కొత్త కారుకి కూడా అదే రంగు కొట్టించుకున్నాడు, నేను కొండంత అక్కసుతో అటువైపు చూడనేలేదు, అందుకే తెలియలేదు.

ఆయనకి దెబ్బ తగల్లేదు. నన్నూ, సిలిండర్‌నీ చూసి, "మీ అక్కగారు లోపలి వైపు నుంచి దాటేశారండీ. వస్తారనుకోలేదు, కంగారుపడి ఇసుకలోకి పోయాను" అన్నాడు. నువ్వు ఆయన్ని దాటిన సంగతి నీకు తెలుసా? నీ ఉత్తరంలో లేదు.

నేను వెనక్కి బయల్దేరబోతే జెండా ఆవిడ నా కాలర్ పట్టుకుని టైర్ల గోడ వెనక కుదేసింది. "ఇంకోసారి ట్రాక్ మీద కాలు పెడితే పోలీసులకి అప్పజెబుతా. చావడానికి వచ్చావా?" అంది. నేను ఆవిడకి కన్ను సంగతి చెప్పాను. క్లబ్బులో ఎవరికీ చెప్పనిది ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పాను. ఆవిడ కాలర్ వదిలేసి, కాసిని మంచినీళ్ళిచ్చి, అయినా కదలొద్దంది. అటునుంచి ఇటు రావడానికి ట్రాక్ దాటడం తప్ప దారి లేదు. నీ రేసు అయ్యేదాకా, దాని వెంటే మొదలైన రెండో రేసు కూడా అయ్యేదాకా ఆ మలుపులోనే ఉండిపోయాను. నేను వచ్చేసరికి కారు ఉంది, నువ్వు లేవు.

వీపు తిప్పానన్నావు. ఆ మలుపులో టైర్ల గోడకి అవతల, నీకు పదడుగుల దూరంలో, సిలిండర్ కౌగిలించుకుని నిలబడి ఉన్నాను. కుడి కన్ను నీ వైపు ఉండేలా పక్కకి తిరిగి నిలబడ్డాను. నువ్వు వచ్చిన ప్రతిసారీ చూశాను. మూడో గేరులోకి దించి, నేను ఎన్నడూ తీసుకోనంత లోపలినుంచి తీసుకున్నావు. చూస్తుంటే నాకు కోపం వచ్చింది, ఇన్నేళ్ళూ ఈ మలుపు నేను తప్పుగా తిప్పానని. ప్రతి రౌండులోనూ నీ ముందే ఉన్నాను అక్కా. నువ్వు నా వైపు చూడలేదు. చూడకూడదు కూడా. మలుపులో డ్రైవరు చూపు ఎప్పుడూ దారి మీదే ఉండాలి.

ఆ సిలిండర్ పక్కవాళ్ళది, కంగారులో ఇంటికి తెచ్చేశాను. జూలై రేసుకి నువ్వు వచ్చినప్పుడు ఇద్దరం వెళ్ళి ఇచ్చేద్దాం. నేనొక్కణ్ణీ వెళ్ళలేను, సిగ్గుగా ఉంది.

తమ్ముడు